తూటా పెట్టె మీది పేరు, లోపలి నమ్మకం
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం తెలియగానే ఒకరిద్దరు మిత్రులు, "పెన్షనర్ల మీటింగులో తూటాల గొడవేమిటండీ? కమ్యుటేషన్ గురించో, వైద్య ఖర్చుల గురించో చెప్పరాదా?" అని నవ్వుతూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఈ విషయం మన సభ్యుల ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. అదే ఒలింపిక్స్‌లో మన సైన్యానికి చెందిన విజయ్ కుమార్ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో రజతం గెలిచారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించింది. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది. ఇవన్నీ టీవీలో చూసిన మన మనవలు, మనవరాళ్లు మేమూ నేర్చుకుంటామని బయలుదేరారు.

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు పోతే పిల్లను రేంజికి తీసుకువెళ్లి, బెంచీ మీద కూర్చుని, తిరిగి ఇంటికి తెచ్చేది తాతగారే. ఖర్చులో కొంత భాగం పెన్షన్‌లో నుంచే పోతుంది. పిల్లలు మొదట ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడతారు. దానికి చిన్న సీసపు పెల్లెట్లు చాలు. రెండు మూడేళ్లకు పాయింట్ 22 పిస్టల్‌కు మారినప్పుడు అసలు ఖర్చు మొదలవుతుంది. అప్పుడు తాతగారు అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీ తూటా కొనమంటారు?" శాఖలో ఆయుధాల మరమ్మతు పని చూసినవాడిని కనుక ఈ ప్రశ్న నా దగ్గరకు తరచుగా వస్తుంది.

జవాబు ముందే చెప్పేస్తాను. పెట్టె మీది పేరు చూసి కొనవద్దు. మీ పిల్ల కాల్చే పిస్టల్‌లో, లెక్క రాసుకుంటూ కాల్చి చూసి కొనండి. ఎందుకలా అంటున్నానో, ఆ లెక్క ఎలా రాసుకోవాలో చెప్పడమే నా ప్రసంగం.

ఏ తూటా సంగతి ఇది?

నేను చెప్పేది పాయింట్ 22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా గురించి. 1887లో అమెరికాలో పుట్టింది. పేరులో రైఫిల్ అని ఉన్నా పిస్టల్‌లోనూ ఇదే వాడతారు. ఒలింపిక్స్‌లోని 25 మీటర్ల పిస్టల్ పోటీలు రెండూ దీనితోనే జరుగుతాయి. సీసపు గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు.

మన పోలీసు మిత్రులకు పెద్ద తూటాలు బాగా తెలుసు. వాటి అడుగున మధ్యలో గుండ్రటి క్యాపు ఉంటుంది. పిన్ను అక్కడ కొడుతుంది. పాయింట్ 22లో క్యాపు ఉండదు. నిప్పు పుట్టించే మందును ఇత్తడి కేసు అడుగున, అంచు మడత లోపల చుట్టూ పరిచి ఉంచుతారు. పిన్ను ఆ అంచు మీద ఒక చోట కొడుతుంది. మందు అంచు చుట్టూ సమంగా పరుచుకోకపోతే, ఖాళీగా ఉన్న చోటే పిన్ను పడితే, తూటా పేలదు. ఎంత పెద్ద కంపెనీ అయినా ఈ పనిలో నూటికి నూరుపాళ్లు హామీ ఇవ్వలేదు. కంపెనీల మధ్య, ఒకే కంపెనీలో రకాల మధ్య అసలు తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

పిస్టల్‌కు ఎంత గురి కావాలి?

ఖరీదైన తూటా కొనేవారు చెప్పే కారణం ఒకటే: "గురి బాగుంటుందండీ." ఆ మాట అబద్ధం కాదు. కాని ఎవరికి, ఎంత అవసరమో చూడాలి.

50 మీటర్ల రైఫిల్ పోటీలో లక్ష్యం మీద 10 మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. చొక్కా గుండీ అంత. 25 మీటర్ల పిస్టల్‌లో నిదానంగా కాల్చే లక్ష్యం మీద 10 వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. వేగంగా కాల్చే లక్ష్యం మీద 100 మిల్లీమీటర్లు. అంటే పిస్టల్ వారికి దూరం సగం, వలయం దాదాపు ఐదింతలు లేక పదింతలు. రైఫిల్ వారికి అత్యున్నత రకం తూటా లేకపోతే మార్కులు పోతాయి. పిస్టల్‌లో మాత్రం మధ్యరకం టార్గెట్ తూటా కూడా, పిస్టల్‌ను ఆధారం మీద ఆన్చి కాల్చినప్పుడు, సాధారణంగా ఆ 50 మిల్లీమీటర్ల వలయంలో సుఖంగా ఇమిడిపోతుంది. వలయం దాటిపోయిన గుండుకు కారణం చాలాసార్లు చెయ్యి, చూపు, ట్రిగ్గరు మీది వేలు. తూటా కాదు. ఆ లోపాన్ని పెట్టె మార్చి దిద్దలేము, సాధనతో దిద్దుకోవాలి.

మరి పిస్టల్‌కు తూటా నుంచి ఏం కావాలి? ప్రతిసారీ పేలాలి. పేలాక ఖాళీ కేసు బయటపడి, తరువాతి తూటా తనంతట తాను ఛాంబర్‌లోకి ఎక్కాలి. ఈ రెండూ సరిగా జరుగుతున్నాయని తేలాకే గురి సంగతి.

ఎందుకంటే పిస్టల్ పోటీలో కాలం గట్టిది. మహిళల 25 మీటర్ల పోటీలో 60 షాట్లు. అందులో 30 నిదానంగా, 30 వేగంగా. వేగపు భాగంలో ప్రతి షాటుకు దొరికేది 3 సెకన్లు. పురుషుల ర్యాపిడ్ ఫైర్‌లో ఐదు లక్ష్యాల మీద ఐదు షాట్లు 8 సెకన్లలో, తరువాత 6లో, తరువాత 4లో కాల్చాలి. ఆ 4 సెకన్ల మధ్యలో ఒక తూటా పేలకపోతే ఆ పిల్లవాడి మనఃస్థితి ఏమిటో ఆలోచించండి. నియమాలు ఒప్పుకునే లోపమైతే మళ్లీ కాల్చే అవకాశం ఇస్తారు, నిజమే. కాని అది ప్రతిసారీ దొరకదు. దొరికినా ఏకాగ్రత మళ్లీ కూడదీసుకోవాలి. 2021లో టోక్యోలో మను భాకర్ ఎయిర్ పిస్టల్ పోటీ మధ్యలో ఉండగా పిస్టల్ పాడై ఎన్నో విలువైన నిమిషాలు పోయాయి. ఆమె ఫైనల్‌కు చేరలేదు. అక్కడ చెడింది తూటా కాదు, పిస్టల్. అయినా సాధనం మొరాయిస్తే ఎంతటి క్రీడాకారిణికైనా ఏమవుతుందో దేశమంతా చూసింది.

మన సభ్యులొకరి ఇంట్లో జరిగినది చెబుతాను. వారి మనవరాలు ఆరు నెలలుగా ఒకే రకం మధ్యతరగతి తూటాతో సాధన చేస్తోంది. రాష్ట్ర పోటీకి రెండు రోజుల ముందు తాతగారు ఎంతో ప్రేమతో, కష్టపడి, రైఫిల్ వారు వాడే ఖరీదైన పెట్టెలు సంపాదించి తెచ్చారు. "అమ్మడూ, పోటీకి ఆ మామూలువెందుకు? ఇవి కాల్చు" అన్నారు. "తాతయ్యా, నాకు పాతవే అలవాటు" అని ఆ పిల్ల అన్నది. కాని పెద్దాయన మనసు నొప్పించలేక అవే తీసుకుపోయింది. వేగపు భాగంలో రెండుసార్లు తూటా మ్యాగజైన్ నుంచి ఎక్కుతూ మధ్యలో ఇరుక్కుపోయింది. తూటాలో దోషం లేదు. ఆ గుండు ముక్కు ఆకారానికీ, ఆ పిస్టల్‌కూ పొత్తు కుదరలేదు, అంతే. రైఫిల్‌లో ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాల్చేవారికి ఆ చిక్కే రాదు. పోటీ ముందు తూటా మార్చకూడదన్న సూత్రం ఇందుకే.

లెక్క ఏమంటుంది?

ట్రెజరీలోనూ అకౌంట్స్‌లోనూ పనిచేసిన మిత్రులకు ఈ భాగం నచ్చుతుంది.

ఒక రకం తూటాలో 200కు ఒకటి మొరాయిస్తుందనుకుందాం. వినడానికి చాలా తక్కువే. కాని 60 షాట్ల పోటీలో కనీసం ఒక్కసారైనా మొరాయించే అవకాశం లెక్క కడితే సుమారు 26 శాతం. అంటే నాలుగు పోటీలలో ఒకదానిలో గండం. 100కు ఒకటైతే 45 శాతం. అదే 1000కి ఒకటైతే 6 శాతం మాత్రమే. కనుక "అబ్బే, ఎప్పుడో ఒకటి పేలదండీ, అంతే" అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. 200కు ఒకటికీ, 1000కి ఒకటికీ మధ్య తేడాకే మనం డబ్బు పెట్టాలి.

ఆ తేడా కనుక్కోవడం ఎలా? ఇక్కడ గణాంకశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. కొన్ని షాట్లు కాల్చాం, ఒక్కటీ మొరాయించలేదు అనుకుందాం. మూడును ఆ షాట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే, 95 శాతం నమ్మకంతో చెప్పగల గరిష్ఠ లోపం. 50 తూటాల పెట్టె ఒకటి కాల్చి "అన్నీ పేలాయి" అంటే, లోపం 100కు 6 కంటే తక్కువ అని మాత్రమే చెప్పగలం. అది ఏ మూలకూ చాలదు. 300 కాల్చి ఒక్కటీ పోకపోతే 100కు ఒకటి కంటే తక్కువ. 3000 కాల్చి ఒక్కటీ పోకపోతే 1000కి ఒకటి కంటే తక్కువ.

పరీక్ష కోసమే 3000 తూటాలు ఎవరు తగలేస్తారు అంటారా? తగలేయనక్కరలేదు. పిల్ల రోజూ చేసే సాధనే పరీక్ష. ఒక నోటుపుస్తకం పెట్టి రాసుకుంటూ పోతే కొన్ని నెలల్లో ఆ లెక్క తనంతట తానే తయారవుతుంది. బెంచీ మీద ఊరికే కూర్చునే తాతగారికి ఇంతకన్నా మంచి పని ఏముంది?

పేర్లు, ఊళ్లు, రకాలు

ఇప్పుడు కంపెనీల విషయం.

ఈలీ: 1828లో లండన్‌లో మొదలైన బ్రిటిష్ కంపెనీ. కర్మాగారం బర్మింగ్‌హామ్ సమీపంలో ఉంది. వీరి టెనెక్స్ అనే రకం ప్రపంచమంతటా రైఫిల్ వారికి కొలబద్ద వంటిది. దాని కింద మ్యాచ్, టీమ్, క్లబ్ వంటి రకాలున్నాయి. పై రకాలలో గుండు ముక్కు కాస్త బల్లపరుపుగా ఉంటుంది. కొన్ని పిస్టళ్లు దానిని హాయిగా మింగుతాయి, కొన్ని మింగవు. అందుకే పిస్టల్ కోసం గుండ్రటి ముక్కు రకాలను వేరే తయారు చేశారు. పెట్టె మీద పిస్టల్ అన్న మాట ఉందో లేదో చూడాలి.

ఆర్.డబ్ల్యూ.ఎస్.: జర్మన్ పేరు, 1886 నాటిది. న్యూరెంబర్గ్ పక్కనున్న ఫ్యూర్త్ పట్టణంలో తయారీ. 2022లో ఈ వ్యాపారం ఇటలీకి చెందిన బెరెట్టా సంస్థ చేతికి వచ్చింది. ఆర్ 50 అన్నది వీరి అగ్రశ్రేణి రకం. ముఖ్యంగా రైఫిల్ వారిది. పిస్టల్ మ్యాచ్ అన్నది పిస్టల్ పొట్టి బ్యారెల్‌కు తగినట్లు చేసినది.

లాపువా, ఎస్.కె.: లాపువా ఫిన్లాండులోని ఒక ఊరు, కంపెనీ పేరు అదే. కాని వారి పాయింట్ 22 తూటాలు జర్మనీలోని షోనెబెక్‌లో తయారవుతాయి. ఎస్.కె. పేరుతో వచ్చే తూటాలూ అక్కడివే. లాపువాలో పిస్టల్ కింగ్, ఎస్.కె.లో పిస్టల్ మ్యాచ్, స్టాండర్డ్ ప్లస్ పిస్టల్ వారు వాడే రకాలు. ఒకే చోట తయారైనా ధరలో చాలా తేడా ఉంటుంది.

ఆ తేడా ఎందుకో తెలుసుకోవాలి. తయారీలో జాగ్రత్త ఒక కారణం. రెండోది ఏరివేత. ఒకసారి తయారైన సరుకును లాట్ అంటారు. ఏ లాట్ ఎంత సన్నగా గుంపు కడుతుందో కాల్చి చూసి, బాగున్నదానికి పెద్ద పేరు పెడతారు. ఈలీ, లాపువా వంటి కంపెనీలకు పరీక్షా కేంద్రాలు కూడా ఉన్నాయి. పెద్ద క్రీడాకారులు తమ ఆయుధం అక్కడికి తీసుకుపోయి, పది లాట్లు కాల్చి చూసి, తమకు నప్పిన లాట్‌ను మొత్తంగా కొనుక్కుంటారు. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఏమిటి? ఆ కంపెనీవారే, ఆ క్రీడాకారులే పేరును మాత్రం నమ్ముకోవడం లేదు. లాట్‌ను కాల్చి చూస్తున్నారు.

సి.సి.ఐ.: అమెరికాలోని ఐడహో రాష్ట్రం, లూయిస్టన్ పట్టణం. వీరి స్టాండర్డ్ వెలాసిటీ రకం చవకలో నమ్మకమైనదిగా అక్కడి క్లబ్బు షూటర్లలో పేరు పడింది. పెట్టె మీది వేగం సెకనుకు 1070 అడుగులు, అంటే 326 మీటర్లు. ధ్వని వేగానికి కాస్త తక్కువ. టార్గెట్ తూటాలు దాదాపు అన్నీ ఈ ప్రాంతంలోనే ఉంటాయి. పెట్టె మీది అంకెను రైఫిల్ బ్యారెల్ నుంచి కొలుస్తారు. పిస్టల్ నుంచి వెలువడే వేగం ఇంకా తక్కువ. హై వెలాసిటీ అని రాసి ఉన్న తూటాలను టార్గెట్ పిస్టల్‌లో వాడవద్దు. కాగితానికి చిల్లు పెట్టడానికి ఆ వేగం అక్కరలేదు. పైగా పిస్టల్ స్లైడు మీద దెబ్బ ఎక్కువ.

కె.ఎఫ్.: ఈ రెండక్షరాలు మన శాఖ మిత్రులకు చిరపరిచితం. పుణే దగ్గర ఖడ్కీ కర్మాగారం 1869 నాటిది. 2021 అక్టోబరులో ప్రభుత్వం ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా మార్చినప్పుడు, ఇది మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌లో చేరింది. స్వదేశీ తూటాకు దిగుమతి తలనొప్పి లేదు, ధర అందుబాటు. దొరికినప్పుడు దానికీ ఇదే పరీక్ష పెట్టండి. విదేశీ పేరని గొప్ప చేయవద్దు, స్వదేశీ అని చిన్నచూపు చూడవద్దు. నోటుపుస్తకంలో ఏది తేలితే అదే.

పరీక్ష విధానం

మొదటిది, పెట్టె మూత మీది లాట్ నంబరు రాసుకోండి. ఒక పెట్టెలో 50 తూటాలుంటాయి. పది పెట్టెలు కలిపి ఒక కట్ట, 500. కంపెనీ పేరు ఒకటే అయినా లాట్ మారితే కొత్త పేజీ.

రెండవది, పరీక్షకు ముందు పిస్టల్ శుభ్రంగా ఉండాలి. ఒక రకానికి మురికి పిస్టల్, మరో రకానికి శుభ్రమైన పిస్టల్ అయితే అది న్యాయమైన పోలిక కాదు.

మూడవది, కొత్త రకం మొదలుపెట్టినప్పుడు మొదటి 15 షాట్లను గురి లెక్కలోకి తీసుకోవద్దు. పాత రకపు మైనం పోయి కొత్తది బ్యారెల్‌లో పట్టేదాకా గుండ్లు కాస్త చెదురుతాయి. పేలడం, పేలకపోవడం లెక్క మాత్రం మొదటి షాటు నుంచే.

నాలుగవది, నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: పేలనిది, బలహీనంగా పేలినది, లోపలికి ఎక్కనిది, ఖాళీ కేసు బయటపడనిది. ఈ నాలుగూ వేరు వేరు జబ్బులు. అన్నిటినీ కలిపి జామ్ అని రాస్తే వైద్యం దొరకదు.

ఐదవది, గురి కోసం 25 మీటర్లలో పిస్టల్‌ను ఇసుక సంచి మీద ఆన్చి, శిక్షకుడి చేత ఐదేసి షాట్ల చొప్పున ఐదు గుంపులు కాల్పించండి. దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, అందులోంచి గుండు వ్యాసం 5.6 మిల్లీమీటర్లు తీసేయండి. ఐదు గుంపుల సగటు చూడండి. ఒక్క అందమైన గుంపును చూసి మురిసిపోవద్దు. సగటు 50 మిల్లీమీటర్ల వలయంలో బాగా లోపలికి ఉంటే చాలు. అంతకు మించిన సన్నదనానికి రెట్టింపు ధర పెట్టనక్కరలేదు.

తప్పు తూటాదా, పిస్టల్‌దా?

పేలని తూటా కనబడగానే కంపెనీని తిట్టడం మామూలు. పిన్ను పడిన గుర్తు ఏం చెబుతుందో ముందు శిక్షకుణ్ణి చూడనివ్వండి. అంచు మీద గుర్తు పైపైన, పలచగా ఉంటే పిస్టల్‌ను అనుమానించాలి. స్ప్రింగు బలహీనపడిందో, పిన్ను అరిగిందో, ఛాంబర్‌లో మైనం, మసి పేరుకుని తూటా పూర్తిగా లోపలికి కూర్చోలేదో చూడాలి. గుర్తు లోతుగా, స్పష్టంగా ఉండి కూడా పేలకపోతే తూటాను అనుమానించాలి. అలాంటి తూటానే కొంచెం తిప్పి పెట్టి శిక్షకుడు మళ్లీ కాలిస్తే కొన్నిసార్లు పేలుతుంది. అంటే అంచులో ఒకచోట మందు లేదన్నమాట.

లోపలికి ఎక్కకపోవడానికి మ్యాగజైన్ పెదవులు వంగడం, గుండు ముక్కు ఆకారం, మైనం జిగట కారణాలు. ఖాళీ బయటపడకపోవడానికి మురికి ఛాంబర్ మొదటి ముద్దాయి, మందు బలం చాలకపోవడం రెండో ముద్దాయి. రెండు మూడు రకాల తూటాలతోనూ ఒకే జబ్బు కనిపిస్తే అది పిస్టల్ జబ్బు. ఒక్క రకంతోనే కనిపిస్తే ఆ జోడీ కుదరలేదు.

పేలనప్పుడు చేయవలసినది

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే పిస్టల్ మూతి లక్ష్యం వైపే ఉండాలి. కనీసం 30 సెకన్లు అలాగే ఆగాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. "ఏమైందో చూద్దాం" అని మూతి తిప్పి చూసుకోవడం ప్రాణాంతకం. పోటీలోనైతే మూతి ముందుకే ఉంచి, రెండో చెయ్యి ఎత్తి అధికారిని పిలవాలి. తానే తెరిచి చూసుకుంటే మళ్లీ కాల్చే హక్కు కూడా పోవచ్చు.

చప్పుడు మామూలుకన్నా మెత్తగా, "టుప్" మని వస్తే వెంటనే ఆపెయ్యాలి. గుండు బ్యారెల్‌లోనే చిక్కుకుని ఉండవచ్చు. దాని వెనక మరో షాటు కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలవచ్చు. వేగంగా కాల్చే పిల్లలకు ఆ చప్పుడు తేడా చెవిలో పడేలా శిక్షకుడి చేత నేర్పించండి. బెంచీ మీద ఉన్న మీ చెవులూ ఆ పని చేయవచ్చు. చెవులకు మూతలు, కళ్లకు అద్దాలు పిల్లలకే కాదు, మీకూ తప్పనిసరి.

ఇంటి జాగ్రత్తలు

మన ఎండలు మీకు తెలుసు. మే నెలలో నిలబెట్టిన కారులో తూటాల పెట్టె వదిలేస్తే గుండు మీది మైనం మెత్తబడి జిగురుగా మారుతుంది. తూటాలు లోపలికి ఎక్కక మొరాయిస్తాయి. కోస్తా తీరంలో గాలి తడికి ఇత్తడి మీద చిలుము పడుతుంది. చల్లని, పొడి చోట, తాళం వేసి ఉంచాలి. తూటాలకు నూనె పూయవద్దు. అది అంచులోకి ఇంకి మందును చెడగొట్టవచ్చు.

సీసం సంగతి మరువకండి. గుండు సీసమే. నిప్పు పుట్టించే మందులోనూ చాలా రకాలలో సీసం సమ్మేళనం ఉంటుంది. రేంజిలో టిఫిన్ తినవద్దు. బయటికి రాగానే సబ్బుతో చేతులు, మొహం కడుక్కోవాలి. ఆ బట్టలు విడిగా ఉతికించాలి. ఆ బట్టలతోనే ఇంట్లోని పసివాణ్ణి ఎత్తుకోవద్దు. లోపలి రేంజి అయితే గాలి బయటకు పోయే ఏర్పాటు ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటం అక్కరలేదు.

చట్టం సంగతి: 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనల ప్రకారం తూటా కొనడం, దిగుమతి చేసుకోవడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ లైసెన్సుకు, నిబంధనలకు లోబడిన వ్యవహారం. 21 ఏళ్లు నిండని పిల్లలు శిక్షణలో భాగంగా, పర్యవేక్షణలోనే కాల్చాలి. తాతగారి లైసెన్సు తాతగారిదే. అది మనవడికి వర్తించదు. పేలని తూటాను ఇంటికి తేవద్దు, విప్పవద్దు, చెత్తలో వేయవద్దు. రేంజి బాధ్యుడికి అప్పగించండి. సాధన అయ్యాక సంచి పూర్తిగా బోర్లించి, ప్రతి జేబూ తడిమి చూడండి. ఆ సంచితోనే విమానం ఎక్కడానికి వెళితే, మూలలో మరిచిపోయిన ఒక్క తూటా చాలు, కుటుంబం మొత్తం స్టేషను చుట్టూ తిరగడానికి.

చివరి మాట

మిత్రులారా, మనలో చాలామంది ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్లు నింపాం. ఏది ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏది చెడిపోయింది అని రాశాం. ఆ అలవాటు ఇప్పుడు మనవల ఆటకు పనికివస్తుంది. పెన్షన్ డబ్బును మూడింతల ధర పెట్టెల మీద పెట్టేకంటే, నోటుపుస్తకం చెప్పిన నమ్మకమైన రకాన్ని, ఒకే లాట్‌లో, ఏడాదికి సరిపడా, లైసెన్సు అనుమతించే మేరకు తీసుకోండి. మిగిలిన డబ్బుతో పిల్లకు మరి కొన్ని గంటల శిక్షణ ఇప్పించండి. పోటీ ముందు ఎవరేమి చెప్పినా ఆ తూటా మార్చవద్దు.

ఏ కంపెనీ గొప్పదని ఇకముందు ఎవరైనా మిమ్మల్ని అడిగితే, మీ పుస్తకం తెరిచి చూపించండి. 2000 షాట్లలో ఎన్ని పోయాయో అందులో ఉంటుంది. రేంజిలో పిల్ల చెయ్యి ఎత్తి పిస్టల్ సారించినప్పుడు ఆమె మనసు లక్ష్యం మీద ఉండాలి, తూటా మీద కాదు. ఆ నిశ్చింత ఆమెకు ఇవ్వగలిగింది మనమే.